పోస్టల్ బ్యాలెట్ మా నాన్నకు ఉంది, వలస కూలీకి ఎందుకు లేదు?

గత ఆదివారం మా స్టడీ గ్రూపులో వ్యాసానికి పెట్టుకున్న అంశం: ‘పోస్టు ద్వారా ఓటు, పోలింగ్ కేంద్రంలో ఓటు – ప్రజాస్వామ్యానికి ఏది మేలు?’ గంటన్నర సమయం, వెయ్యి పదాలు. నేనేం రాశానో మీరు ఊహించగలరు. మొదట ఆర్టికల్ 326, తర్వాత రెండింటి లాభాలు, ఆ తర్వాత రెండింటి నష్టాలు, చివర్లో ‘సాంకేతికతను జాగ్రత్తగా వినియోగించుకుంటూ ముందుకు సాగాలి’. పేపర్లు మార్చుకుని దిద్దుకున్నాం. నా పేపరు మా రూమ్మేట్ చేతికి వెళ్లింది. మార్కులు బాగానే వేశాడు. కింద మాత్రం ఎర్ర పెన్నుతో ఒక ప్రశ్న రాశాడు: ‘మీ నాన్నకు పోస్టల్ బ్యాలెట్ ఉంది కదా అన్నా, మా నాన్నకు ఎందుకు లేదు?’

మా నాన్న శ్రీకాకుళం జిల్లాలో హైస్కూలు టీచరు. ఏ ఎన్నిక వచ్చినా ఆయనకు పోలింగ్ డ్యూటీ తప్పదు. మా రూమ్మేట్ వాళ్లది నారాయణపేట వైపు ఒక ఊరు. వాళ్ల నాన్న ఏటా దసరా దాటాక గుంపు మేస్త్రీ వెంట పుణె వెళ్తాడు. వానలు పడేదాకా అక్కడే కట్టుబడి పని. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకీ లోక్‌సభకూ, తెలంగాణలో లోక్‌సభకూ ఒకే రోజు పోలింగ్ జరిగింది. ఆ రోజుకు మా నాన్న ఓటు వేసేసి వారం కావస్తోంది. వాళ్ల నాన్న పుణెలో ఏదో అపార్ట్‌మెంటు ఏడో అంతస్తులో స్లాబు పనిలో ఉన్నాడు. ఓటు వేయలేదు.

అందుకే ఆ వ్యాసం పక్కన పడేసి మళ్లీ రాస్తున్నాను. ఈసారి మధ్యేమార్గం లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వలస కూలీ ఎక్కడుంటే అక్కడ ఓటు వేసే ఏర్పాటు ఉండాల్సిందే. అయితే బ్యాలెట్ పేపరును పోస్టులో అతని చేతికి పంపడం మాత్రం అందుకు సరైన దారి కాదు. ఎందుకో చెబుతాను. తప్పనిపిస్తే కామెంట్లో తిట్టండి.

మొదట చట్టం సంగతి. ఇది జీఎస్-2 సిలబస్‌లో ‘ప్రజాప్రాతినిధ్య చట్టం ముఖ్యాంశాలు’ కింద వస్తుంది. పోస్టల్ బ్యాలెట్ ఎవరికి, ఎలా అన్నది చెప్పేది ప్రధానంగా 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలు. సైనికులు, కేంద్ర సాయుధ బలగాల వాళ్లు, విదేశాల్లోని మన రాయబార కార్యాలయాల సిబ్బంది సర్వీసు ఓటర్లు. ఎన్నికల డ్యూటీలో ఉన్నవాళ్లది ఇంకో వర్గం. ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లకూ పోస్టల్ బ్యాలెట్ ఉంది. జైల్లో ఉన్న విచారణ ఖైదీకి మాత్రం 1951 చట్టం సెక్షన్ 62(5) ప్రకారం ఓటే లేదు. నేరం రుజువు కాని ఇద్దరిలో ఒకరికి ఓటుండి ఇంకొకరికి లేకపోవడం వింతగా లేదూ? అది ఇంకో వ్యాసం.

2019లో ‘గైర్హాజరు ఓటర్లు’ అనే వర్గం కొత్తగా వచ్చింది. 80 ఏళ్లు దాటినవాళ్లు, 40 శాతం ఆపైన వైకల్యం ఉన్నవాళ్లు, కొన్ని అత్యవసర సేవల సిబ్బంది ఇందులోకి వస్తారు. 2024 మార్చిలో ఆ 80ని 85కు పెంచారు. ప్రిలిమ్స్ రాసేవాళ్లు ఈ మార్పు గుర్తుపెట్టుకోండి, పాత నోట్సుల్లో ఇంకా 80 అనే ఉంది. వీళ్లు ఫారం 12డి ఇస్తే అధికారులే ఇంటికి వచ్చి ఓటు వేయించుకుంటారు. లోక్‌సభ ఎన్నికల్లో ఈ ఇంటి ఓటు దేశమంతటా అమలైంది 2024లోనే.

ఈ జాబితాలో వలస కూలీ లేడు. ప్రవాస భారతీయుడూ లేడు. 2010 సవరణతో ఎన్ఆర్ఐలు ఓటరుగా నమోదు కావచ్చు, కానీ పోలింగ్ రోజున పాస్‌పోర్టు పట్టుకుని సొంత ఊరి బూత్‌కు రావాలి. 2024లో సుమారు 1.2 లక్షల మంది నమోదైతే, వచ్చి ఓటేసినవాళ్లు 3 వేల లోపే. వాళ్లలోనూ అత్యధికులు కేరళవాళ్లు. డల్లాస్‌లో, న్యూజెర్సీలో మన పార్టీల జెండాలతో కార్ల ర్యాలీలు తీసేవాళ్లలో ఎందరికి ఇక్కడ ఓటుందో, ఎందరు వచ్చి వేశారో మీరే ఆలోచించండి. వాళ్ల తరఫున వేరొకరు ఓటేసే ప్రాక్సీ బిల్లు 2018లో లోక్‌సభ దాటింది. రాజ్యసభ ఆమోదం పొందకముందే లోక్‌సభ రద్దయి మురిగిపోయింది.

ఇప్పుడు నా కథ కొంచెం. ఆ మే నెలలో నేను హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఉన్నాను. ప్రిలిమ్స్ దగ్గర్లో ఉంది. అయినా ఊరెళ్లాను. ప్రైవేటు బస్సు టికెట్టు మామూలు రోజుకంటే రెండింతలు. పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్ల వరుస చూస్తే సంక్రాంతి మళ్లీ వచ్చిందా అనిపించింది. ఆ ఎన్నికలో ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 80 శాతం దాటింది. మేం వదిలి వెళ్లిన హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 50 శాతానికి కూడా చేరలేదు. ఓటు హైదరాబాద్‌కు మార్చుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. అవును, ఫారం 8 నింపితే చాలు. నేను మార్చుకోలేదు. రూము ఎప్పుడు ఖాళీ చేస్తానో తెలియదన్నది పైకి చెప్పే కారణం. మా ఊరి బూత్‌లో, మావాళ్ల మధ్య లైనులో నిలబడి ఓటేయాలన్నది అసలు కారణం. అంటే నాకు రెండు దారులున్నాయి. ఎక్కువ డబ్బు పోసి బస్సెక్కగలను, లేదా ఓటు మార్చుకోగలను. పుణె కూలీకి ఆ రెండూ లేవు. రానుపోను ఛార్జీలు, పోయిన కూలి కలిపితే వారం సంపాదన. ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ ఉండే మనిషి ‘సాధారణ నివాసి’ ఎక్కడ అవుతాడో 1950 చట్టం సెక్షన్ 20 ఎంత చదివినా తేలదు.

ఊరికి చేరాక మా నాన్నమ్మ ఇంటి ఓటు గురించి విన్నాను. ఆమెకు అప్పుడు 86. పోలింగ్‌కు కొన్ని రోజుల ముందే ఇద్దరు ఎన్నికల సిబ్బంది, ఒక పోలీసు, ఒక వీడియో తీసే అబ్బాయి ఇంటికి వచ్చారట. పార్టీల మనుషులు గుమ్మం అవతల నిలబడ్డారు. వాళ్లు తెచ్చిన అట్ట మడతపెట్టి బల్ల మీద నిలబెట్టారు. అదే బూత్. తెల్ల కాగితం లోక్‌సభకు, గులాబీది అసెంబ్లీకి. నాన్నమ్మ ముందు ‘మీట ఏదిరా?’ అని అడిగిందట. ఇంతకాలం మిషనుకు అలవాటు పడిన చెయ్యి. పెన్ను ఇచ్చారు. కళ్లజోడు పెట్టుకుని పేర్లు కూడబలుక్కుంటోంది. ఇంతలో మా చిన్నాన్న సాయం చేద్దామని వెనక నిలబడ్డాడు. ఆ అధికారి ‘మీరు బయట అరుగు మీద కూర్చోండి సార్’ అని పంపేశారట. చిన్నాన్న ఇప్పటికీ ఆ మాట చెప్పి ముఖం చిట్లిస్తాడు. ‘మా ఇంట్లో మా అమ్మ దగ్గర నేను నిలబడకూడదా?’ అని.

నిలబడకూడదు. ఆ అధికారి పేరు నాకు తెలియదు గానీ ఆయనకు దండం పెట్టాలనిపించింది. మా తాత బతికున్న రోజుల్లో ఇంటి ఓట్లు అన్నీ ఒకే పార్టీకని ఊరంతా చెప్పుకునేవాళ్లు. తాత చెప్పిన పార్టీకే వేసేదానివా అని నాన్నమ్మను అడిగాను. నవ్వింది. ‘ఆయన నోపలికొచ్చి సూసినాడేటి?’ అంది.

మన పుస్తకాల్లో ఓటు గోప్యత అంటే సెక్షన్ 128, లేదంటే నోటా తీర్పు, 2013, పీయూసీఎల్ కేసు. నాకు మాత్రం నాన్నమ్మ చెప్పిన ఆ ఒక్క వాక్యంతోనే అది అర్థమైంది. బూత్‌లోని అట్ట తెర పార్టీ ఏజెంట్ల నుంచి ఎంత కాపాడుతుందో భర్త నుంచి, కొడుకు నుంచి, అప్పిచ్చినవాడి నుంచి కూడా అంతే కాపాడుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. బూత్‌లో గోప్యత హక్కు మాత్రమే కాదు, నిర్బంధం కూడా. ‘నేను ఎవరికి వేశానో చూపిస్తాను’ అని మీరనుకున్నా అక్కడ చూపించడానికి వీల్లేదు. అందుకే డబ్బిచ్చినవాడికి సరుకు ముట్టిందో లేదో తేలదు. మన దగ్గర ఓటుకు నోటు తీసుకుని వేరేవాళ్లకు వేసి వచ్చేవాళ్లు ఉన్నారంటే ఆ తెర వల్లే. పోస్టులో వచ్చిన కాగితం ఇంట్లో, వంటగదిలో, మేస్త్రీ గదిలో నింపితే ఆ తెర ఉండదు. చూపించమని అడిగేవాడికి చూపించాల్సి వస్తుంది.

మా నాన్న ఓటు సంగతికి వస్తాను. డ్యూటీ సొంత నియోజకవర్గంలోనే పడితే ఎన్నికల డ్యూటీ సర్టిఫికెట్‌తో ఆ బూత్‌లోనే మిషను మీద వేయొచ్చు. ఆయనకు పక్క నియోజకవర్గంలో పడింది. గతంలో ఇలాంటివాళ్లకు బ్యాలెట్ ఇంటికి వచ్చేది. లెక్కింపు రోజు ఉదయం వరకు ఎప్పుడైనా పంపవచ్చు. రోజుల తరబడి ఆ కాగితాలు ఉద్యోగుల ఇళ్లలో ఉంటే ఏం జరుగుతుందో వేరే చెప్పాలా? 2023 ఆగస్టులో నిబంధన మార్చారు. ఇప్పుడు డ్యూటీలో ఉన్నవాళ్లు ఫెసిలిటేషన్ సెంటర్‌కు వెళ్లి, అక్కడే తెర వెనుక వేసి, అక్కడి పెట్టెలోనే వేసేయాలి. ఇతర నియోజకవర్గాల కవర్లను అధికారులే వేరుచేసి ఆయా రిటర్నింగ్ అధికారులకు చేరుస్తారు. గమనించారా? పేరుకు అది పోస్టల్ బ్యాలెట్టే. పనిచేసే తీరు మాత్రం బూత్‌ది. ప్రభుత్వం తన ఉద్యోగి చేతికి కూడా బ్యాలెట్ ఇచ్చి ఇంటికి పంపడం మానేసింది. ఈ విషయం మళ్లీ అవసరమవుతుంది.

ఇంత జాగ్రత్తగా చేసినా మా ఇంట్లో మే చివరి వారమంతా ఒకటే కంగారు. పోస్టల్ ఓటులో కవర్లు రెండు. లోపలి కవరులో బ్యాలెట్. బయటి కవరులో ఆ లోపలి కవరు, దాంతో పాటు ఫారం 13ఎ అనే ప్రకటన పత్రం. ఆ పత్రం మీద ఓటరు సంతకం, గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉండాలి. లెక్కింపులో ముందు ఈ పత్రాన్నే చూస్తారు. అది లేకపోయినా, సంతకం లేకపోయినా, దాని మీది క్రమసంఖ్య లోపలి కవరు మీది సంఖ్యతో కలవకపోయినా లోపలి కవరు తెరవకుండానే పక్కన పెట్టేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏడాది చాలా పత్రాల మీద ధ్రువీకరించిన అధికారి సంతకం ఉంది, సీలు లేదు. చెల్లుతుందా, చెల్లదా? సంతకం ఉంటే చాలని ఎన్నికల సంఘం చెప్పింది. దాన్ని సవాలు చేస్తూ వైఎస్సార్ కాంగ్రెస్ హైకోర్టుకు వెళ్లింది. హైకోర్టు జూన్ 1న జోక్యం చేసుకోలేదు, కావాలంటే తర్వాత ఎన్నికల పిటిషన్ వేసుకోవచ్చంది. జూన్ 3న సుప్రీంకోర్టు కూడా వినలేదు. జూన్ 4న లెక్కింపు. 5 లక్షలకు పైగా పోస్టల్ ఓట్ల మీద లెక్కింపు ముందు రోజు వరకు నడిచిన వివాదం అది.

మా నాన్న తన పత్రం మీద సీలు ఉందో లేదో గుర్తు తెచ్చుకోలేకపోయారు. ముప్పై ఏళ్లుగా వేరేవాళ్ల ఓట్లకు కాపలా కాసిన మనిషి. ‘నా ఓటు లెక్కలోకి వచ్చిందో లేదో నాకే తెలియదురా’ అన్నారు. ఇప్పటికీ తెలియదు.

ఎలక్ట్రానిక్స్ చదివినవాడిగా నాకు ఇక్కడే అసలు లోపం కనిపిస్తుంది. బూత్‌లో తప్పు జరిగితే అక్కడికక్కడే తెలుస్తుంది. పేరు దొరకకపోతే ఏజెంటు ఉన్నాడు, ప్రిసైడింగ్ అధికారి ఉన్నాడు, గొడవ పెట్టుకోవడానికి మీరున్నారు. మిషను మీద రెండు గుర్తులకు ఓటేయడం అసాధ్యం. మీట నొక్కగానే బీప్ వస్తుంది, వీవీప్యాట్‌లో స్లిప్పు ఏడు సెకన్లు కనిపిస్తుంది. పోస్టల్ ఓటులో తప్పు జరిగేది ఒకనాడు, బయటపడేది చాలా రోజుల తర్వాత, అదీ ఓటరు లేని గదిలో. సరిదిద్దుకునే వీలే లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు సంతకం కలవకపోతే ఓటరుకు కబురు పెట్టి సరిచేసుకోమంటాయి. మన దగ్గర ఆ ఏర్పాటు లేదు.

దీని విలువ ఎంతో గుజరాత్‌లోని ధోల్కా చెబుతుంది. 2017 అసెంబ్లీ ఎన్నికల్లో భూపేంద్రసింహ్ చూడాసమా అక్కడ 327 ఓట్లతో గెలిచారు. లెక్కలోకి తీసుకోకుండా పక్కన పెట్టిన పోస్టల్ బ్యాలెట్లు 429. అలా తిరస్కరించడం చట్టవిరుద్ధమంటూ 2020 మేలో గుజరాత్ హైకోర్టు ఆ ఎన్నికనే రద్దు చేసింది. మూడు రోజుల్లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. తీర్పుల సంగతి అలా ఉంచండి. ఆ 429 మందిలో ఒక్కరికైనా లెక్కింపు రోజున తమ కవరు పక్కకు వెళ్లిందని తెలిసి ఉంటుందా? అదే 2020లో బిహార్‌లోని హిల్సా సీటు 12 ఓట్ల తేడాతో తేలింది. అక్కడ కూడా తగవు తిరస్కరించిన పోస్టల్ ఓట్ల మీదే. గెలుపు తేడా కంటే తిరస్కరించిన పోస్టల్ ఓట్లు ఎక్కువైతే వాటన్నింటినీ మళ్లీ పరిశీలించాలన్న ఆదేశం ఉంది. పోస్టల్ ఓట్ల లెక్క పూర్తయ్యాకే మిషన్ల చివరి ముందు రౌండ్ మొదలుపెట్టాలని 2025 సెప్టెంబరులో ఎన్నికల సంఘం చెప్పింది. మంచిదే. అయినా ఓటరు ఆ గదిలో ఉండడు.

ఇప్పుడు రూమ్మేట్ ప్రశ్న. వాళ్ల నాన్నకు పోస్టల్ బ్యాలెట్ పంపితే ఏమవుతుంది? ముందు, ఏ అడ్రసుకు పంపాలి? పుణె శివార్లలో రేకుల షెడ్లు, వాటికి డోర్ నంబరు లేదు. ఉత్తరం వచ్చినా సైటు ఆఫీసుకు వస్తుంది, అక్కడి నుంచి గుంపు మేస్త్రీకి. పాలమూరు వలసల గురించి చదివినవాళ్లకు మేస్త్రీ అంటే ఎవరో తెలుసు. ఊళ్లో ముందే అడ్వాన్సు ఇచ్చి గుంపును కట్టేది ఆయనే, కూలి పంచేది ఆయనే, బియ్యం సామాన్లు తెచ్చేది కూడా ఆయనే. నలభై మంది కూలీల బ్యాలెట్లు నలభై కవర్లలో ఒకే మనిషి చేతికి వస్తాయి. ఫారం 13ఎ మీద గెజిటెడ్ సంతకం ఎవరు చేయించాలి? అదీ ఆయనే. మేస్త్రీ చెడ్డవాడని నేననడం లేదు. మా రూమ్మేట్ ఫీజు కట్టడానికి ఒకసారి డబ్బు సర్దింది ఆ మేస్త్రీయేనట. కానీ అప్పున్న మనిషి ముందు తెర లేకుండా ఓటు వేయమంటే ఆ ఓటు ఎవరిది?

ఇది నా ఊహ అనుకోకండి. బ్రిటన్‌లో 2001 నుంచి అడిగిన ప్రతివాళ్లకూ పోస్టల్ ఓటు ఇచ్చారు. 2004లో బర్మింగ్‌హామ్ నగరపాలక ఎన్నికల్లో రెండు వార్డుల్లో పోస్టల్ ఓట్ల మోసం బయటపడింది. మరుసటి ఏడాది విచారించిన న్యాయమూర్తి రిచర్డ్ మావ్రీ, ఇది బనానా రిపబ్లిక్‌కు కూడా తలవంపులు తెచ్చే వ్యవహారమన్నారు. ఆ తర్వాతే అక్కడ సంతకం, పుట్టిన తేదీ సరిచూసే నిబంధన వచ్చింది. 2018లో అమెరికాలోని నార్త్ కరోలినా తొమ్మిదో జిల్లా కాంగ్రెస్ ఎన్నికలో ఒక అభ్యర్థి కోసం పనిచేసిన మనుషులు ఇంటింటికీ తిరిగి పోస్టల్ బ్యాలెట్లు పోగుచేశారు. 905 ఓట్ల ఆధిక్యం ఉన్నా ఆ ఫలితాన్ని పక్కనపెట్టి మళ్లీ ఎన్నిక జరిపారు. ఫ్రాన్స్ అయితే మోసాలు భరించలేక 1975లోనే పోస్టల్ ఓటును తీసేసింది.

అవతలి పక్షం కూడా చెప్పాలి. స్విట్జర్లాండ్‌లో అత్యధికులు పోస్టులోనే ఓటేస్తారు. అమెరికాలోని ఒరెగాన్ రెండు దశాబ్దాలకు పైగా అలాగే నడుపుతోంది. కరోనా ఏడాది 2020లో అమెరికా ఓటర్లలో దాదాపు 43 శాతం మంది పోస్టల్ బ్యాలెట్లు వాడారు. ఫలితాన్ని మార్చేంత మోసం ఏ కోర్టులోనూ రుజువు కాలేదు. కాబట్టి ‘పోస్టల్ ఓటంటే దొంగ ఓటు’ అని రాసేవాళ్లతో నేను ఏకీభవించను. అక్కడ నడిచే పద్ధతి ఇక్కడ ఎందుకు నడవదంటే, అక్కడ మనిషికొక అడ్రసు, రికార్డులో ఒక సంతకం, ఎక్కువ మందికి సొంత గది ఉన్నాయి. మా ఊళ్లో ఆరుగురికి ఒక హాలు.

మరి దారేది? మన దగ్గరే రెండు నమూనాలున్నాయి. ఒకటి కశ్మీరీ వలస ఓటర్లది. లోయ వదిలి వచ్చినవాళ్లు జమ్మూ, ఉధంపూర్, ఢిల్లీల్లో ప్రత్యేక పోలింగ్ కేంద్రాల్లో తమ లోయ నియోజకవర్గాలకే ఓటేస్తున్నారు. ప్రతిసారీ ఫారం ఎం నింపే బాధను 2024లో జమ్మూ, ఉధంపూర్ వాళ్లకు తీసేశారు కూడా. రెండోది పైన చెప్పిన ఫెసిలిటేషన్ సెంటర్. ఈ రెండింటిలోనూ ఓటరు తన ఊరికి రానక్కర్లేదు, కానీ తెర వెనక్కి మాత్రం వెళ్లాలి. పుణె కలెక్టరేట్‌లో, సూరత్‌లో, ముంబైలో, గుజరాత్ తీరంలోని వెరావల్‌లో పోలింగ్‌కు ముందు వారం ఇలాంటి కేంద్రాలు తెరవచ్చు. వెరావల్ ఎందుకన్నానంటే మా శ్రీకాకుళం మత్స్యకారులు ఏటా వేటకు వెళ్లేది అక్కడికే. కూలీ ముందుగా ఫారం 12డి లాంటి దరఖాస్తు ఇస్తాడు. సొంత ఊరి జాబితాలో అతని పేరు ఎదురుగా పోస్టల్ బ్యాలెట్ అని గుర్తు పెడతారు, అక్కడ ఇంకోసారి వేయలేడు. కేంద్రంలో అధికారి కళ్లముందే ప్రకటన పత్రం నింపుతాడు, సీలు ఉందో లేదో అక్కడే చూసుకుంటాడు, తెర వెనుక వేస్తాడు. ఆ తర్వాత కవరును మోసుకెళ్లే పని పోస్టుది, అధికారులది.

రిమోట్ ఓటింగ్ మిషను గుర్తుందా? ఒకే మిషను మీద 72 నియోజకవర్గాల వరకు ఓటేయొచ్చంటూ ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించింది. 2023 జనవరిలో పార్టీలను పిలిచింది. చాలా ప్రతిపక్షాలు ఒప్పుకోలేదు. ఇంజినీరుగా నాకు ఆ మిషను మీద మోజే. కానీ నమ్మకం లేనిచోట కొత్త యంత్రం పెడితే తగవు యంత్రం చుట్టూనే తిరుగుతుంది. కాగితంతో మొదలుపెట్టడమే మేలనిపిస్తోంది.

నా ప్రతిపాదనకు రూమ్మేట్ చెప్పిన అభ్యంతరాల్లో ఒకటి నిజంగా గట్టిది. పుణె కేంద్రంలో మక్తల్ అభ్యర్థికి ఏజెంటు ఎవరు? పెద్ద పార్టీలు మనుషులను పెట్టుకోగలవు, స్వతంత్ర అభ్యర్థి పెట్టుకోలేడు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వీడియో, ఇతర రాష్ట్రాల పరిశీలకులు కొంతవరకే. అందుకే మొదట రాష్ట్రం లోపలే చేసి చూడాలంటాను. హైదరాబాద్‌లో ఉన్న పాలమూరు కూలీకి, విజయవాడలో ఉన్న శ్రీకాకుళం కూలీకి. అక్కడైతే అన్ని పార్టీలకూ మనుషులుంటారు, భాషా ఒకటే. రెండో అభ్యంతరం సంఖ్య. 2011 జనగణన ప్రకారం దేశంలో వలసదారులు 45 కోట్లకు పైగా అని వ్యాసాల్లో దంచేస్తుంటాం, నేనూ రాశాను. దాంట్లో పెళ్లయి అత్తారింటికి వెళ్లిన ఆడవాళ్లే పెద్ద భాగం, వాళ్ల ఓటు చాలావరకు అత్తారింట్లోనే ఉంటుంది. నిజంగా ఇలాంటి కేంద్రం అవసరమయ్యేవాళ్లు అంతకంటే చాలా తక్కువ. ఆ అంకెను అలా వాడకండి, ఇంటర్వ్యూ బోర్డులో పట్టుకుంటారు.

మొన్న రాత్రి రూమ్మేట్ వాళ్ల నాన్నతో ఫోన్లో మాట్లాడుతూ స్పీకర్ ఆన్ చేశాడు. పుణెలోనే ఓటు వేసే ఏర్పాటు చేస్తే వెళ్తారా అని నేనే అడిగాను. ఎంత దూరం అన్నాడాయన. బస్సులో గంట పట్టొచ్చన్నాను. పోలింగ్ రోజు జీతంతో సెలవు ఇవ్వాలని సెక్షన్ 135బి ఉందని, దినకూలీకి కూడా వర్తిస్తుందని నా తెలివి చూపించాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. వెనకాల మిక్సర్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

‘ఐతారం పెడ్తరా బిడ్డా? ఐతారమైతే పోత’ అన్నాడు.